అటక మీది మ్యూజియం

వినాయక చవితి నాడు అక్షింతలు చేత పట్టుకుని వినే శమంతకోపాఖ్యానంలో ఒక చిన్న ముచ్చట ఉంది. మణిని కరుచుకుపోతున్న సింహాన్ని జాంబవంతుడు మట్టుబెట్టి, ఆ మణిని గుహకు తెచ్చి తన పాప ఊయలకు ఆటవస్తువుగా కడతాడు. రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే మణి ఎలుగుబంటి ఇంట్లో పసిదాని బొమ్మ అయిపోయింది. మన కథలో ఎలుగుబంటి బిడ్డకు బొమ్మ తెచ్చిస్తే, అమెరికాలో ఎలుగుబంటే బొమ్మ అయి బిడ్డల చేతికొచ్చింది. 1902 నవంబరులో మిసిసిపీ అడవికి వేటకు వెళ్ళిన అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, చెట్టుకు కట్టేసిన ఎలుగును కాల్చనన్నాడు. క్లిఫర్డ్ బెరీమన్ ఆ సంగతిని వాషింగ్టన్ పోస్ట్‌లో కార్టూన్‌గా వేశాడు. బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడుపుకునే మోరిస్ మిక్టమ్, ఆయన భార్య రోజ్ కలిసి గుడ్డతో ఒక ఎలుగుపిల్లను కుట్టి, దానికి అధ్యక్షుడి ముద్దుపేరు ‘టెడ్డీ’ అని పెట్టి దుకాణంలో నిలబెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జర్మనీలో, పోలియో వల్ల చక్రాల కుర్చీలో ఉండి బొమ్మల కంపెనీ నడిపిన మార్గరెటె స్టైఫ్ దగ్గర, ఆమె మేనల్లుడు రిచర్డ్ కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగును రూపొందించాడు. 1903లో లైప్‌జిగ్ వర్తక సంతలో ఒక అమెరికా వ్యాపారి అలాంటివి 3,000 కావాలన్నాడు. 1907లో ఆ కంపెనీ ఒక్క ఏడాదిలోనే 9,74,000 ఎలుగుల్ని తయారుచేసింది.

ఇదంతా పిల్లల బొమ్మ చరిత్ర. పెద్దవాళ్ళు టెడ్డీని దాచుకోవడం, దాన్ని సిగ్గుపడకుండా చెప్పుకోవడం చాలా తర్వాతి సంగతి. ఇంగ్లండులో పీటర్ బుల్ అనే నటుడు 1969లో టెడ్డీల మీద ఒక పుస్తకం రాశాడు. తమ బీరువాల్లో ఎలుగుల్ని దాచుకున్న పెద్దమనుషులు ఎందరో ఆ తర్వాతే ఒక్కొక్కరుగా బయటపడ్డారు. కల్నల్ బాబ్ హెండర్సన్ అనే సైనికాధికారి జీవితమంతా వెంట ఉంచుకున్న స్టైఫ్ ఎలుగు ‘టెడ్డీ గర్ల్’ను 1994లో లండన్‌లో క్రిస్టీస్ వేలం వేస్తే 1,10,000 పౌండ్లు పలికింది. అలా సేకరించేవారికి ఆర్క్టోఫైల్ అని పేరు, వాళ్ళకు సంఘాలు, పత్రికలు, మ్యూజియంలు అన్నీ ఏర్పడ్డాయి. హాలండ్‌లో ధనవంతుల ఇళ్ళ ఇల్లాళ్ళు 17వ శతాబ్దంలోనే బొమ్మరిళ్ళు కట్టించి సింగారించుకున్నారు కాబట్టి, పడమటి దేశాల్లో పెద్దలు బొమ్మల జోలికే పోలేదని అనలేం. కానీ సామాన్య గృహస్థులు బొమ్మల్ని పోగుచేసి, దాన్ని ఒక మర్యాదస్తుల వ్యాపకంగా నిలబెట్టుకున్నది మాత్రం అక్కడ గత యాభై అరవై ఏళ్ళలోనే.

ఆ వ్యాపకం ఇప్పుడు మన దాకా వచ్చింది. ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వైపు వచ్చినా, ఇటు విద్యానగర్ మీదుగా అంబర్‌పేటకు దిగినా, గిఫ్టు షాపుల్లో ప్లాస్టిక్ సంచులు తొడిగిన గులాబీ రంగు టెడ్డీలు కనపడతాయి. ఫిబ్రవరి 10న టెడ్డీ డే అనే కొత్త పండగ ఒకటి ప్రేమికుల వారంలో చోటు సంపాదించింది. ఎదిగిన ఆడపిల్లకు గుడ్డ ఎలుగు ఎందుకని ఇంట్లో పెద్దవాళ్ళు విసుక్కుంటారు. ఇదంతా పరాయి మోజు అని సంప్రదాయవాదులు తేల్చేస్తారు. ఇది ఆధునికమని, సున్నితమైన మనసుకు గుర్తని యువతరం సంతోషిస్తుంది. మెచ్చేవాళ్ళూ మెచ్చనివాళ్ళూ కూడా ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకున్నారు: పెద్దవాళ్ళు బొమ్మల్ని ప్రేమించి పోగుచేయడం తెలుగువాళ్ళు ఎరగని పని అని. నేను ఒప్పుకోనిది దాన్నే. బొమ్మల కొలువు పేరుతో మన ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్నది అచ్చమైన సేకరణ. అది వట్టి పండగ తంతు అనుకున్నాం కాబట్టి దాన్ని సేకరణ చరిత్రలో చేర్చలేదు. చేసేవాళ్ళు ఆడవాళ్ళు కాబట్టి వాళ్ళను సేకరణకర్తలని పిలవలేదు.

సేకరణ అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. వస్తువులు ఊరికే పోగుపడితే అది సామాను. కొనడానికి ఒక నియమం, పేర్చడానికి ఒక క్రమం, చూపించడానికి ఒక సందర్భం, దాచడానికి ఒక పద్ధతి, అప్పగించడానికి ఒక వారసత్వం ఉంటే అది సేకరణ. కొలువులో ఈ అయిదూ ఉన్నాయి. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మ అయినా చేరాలన్నది కొనుగోలు నియమం. మెట్లు బేసి సంఖ్యలోనే, మూడో అయిదో ఏడో తొమ్మిదో ఉండాలన్నది, పై మెట్టు మీద దేవుళ్ళు, కిందికి వచ్చేకొద్దీ మనుషులు, జంతువులు, ఊళ్ళు ఉండాలన్నది క్రమం. పేరంటం సందర్భం: పసుపు కుంకుమ, తాంబూలం, గుప్పెడు శనగలు చేతిలో పెట్టించుకుని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ప్రతి మెట్టునూ పరీక్షగా చూస్తారు. గత ఏడాది లేనిదేదో వాళ్ళ కళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. దాచే పద్ధతి ఇంకా ముచ్చటైనది. పాత నేత చీర ముక్కల్లోనో న్యూస్‌పేపర్లోనో ఒక్కొక్క బొమ్మనూ విడివిడిగా చుట్టి, ముక్కులూ వేళ్ళూ విరగకుండా మధ్యలో గుడ్డలు కూరి, కర్పూరం బిళ్ళలు వేసి, ట్రంకు పెట్టెకెక్కించి అటక మీదికి చేరుస్తారు. మళ్ళీ దింపేది ఏడాదికే. తల్లి బొమ్మలు కూతురికో కోడలికో దక్కుతాయి. తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం ఆలుమగల బొమ్మలు కొన్ని ఇళ్ళలో అలా అమ్మమ్మ నుంచి మనవరాలికి వచ్చినవే.

దీనికి మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. ఇది పూజ కదా, దేవుడి పటాలు దాచుకున్నవాణ్ణి చిత్రకళా సేకరణకర్త అంటామా అని. కానీ మట్టితోనో పూలతోనో చేసిన దేవుళ్ళతో మనం మామూలుగా ఏం చేస్తామో చూడండి. వినాయకుణ్ణి నిలబెట్టి, ప్రాణప్రతిష్ఠ చేసి, పూజ ముగిశాక నీళ్ళలో కలిపేస్తాం. బతుకమ్మను పేర్చి, ఆడి, చెరువుకు సాగనంపుతాం. ఆవాహన చేసిన దేవుణ్ణి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయడం మన ఆచారం కాదు. కొలువు బొమ్మకు ప్రాణప్రతిష్ఠ ఉండదు. ఉంటే అది మళ్ళీ ఏడు మెట్టెక్కలేదు. ఇక మెట్ల మీద ఎవరెవరున్నారో చూస్తే అనుమానం మిగలదు. దశావతారాలూ పట్టాభిషేకం సెట్టూ పైన ఉంటే, కింద పప్పు ఉప్పు దుకాణం పెట్టుకుని బొజ్జతో కూర్చున్న సెట్టిగారు, ఆయన భార్య, తాటిచెట్టెక్కుతున్న గీత పనివాడు, ఎడ్లబండి, పెళ్ళి ఊరేగింపు, బ్యాండుమేళం, పోలీసు, క్రికెట్ జట్టు. ముందు పళ్ళెంలో ఆవాలూ మెంతులూ మొలకెత్తించి పొలమంటారు, అద్దం ముక్క పెట్టి చెరువంటారు. క్రికెట్ జట్టుకు హారతి పట్టడం ఏ పూజా విధానంలో ఉంది? దేవుడి పేరు చెప్పుకుంటే ఇంట్లో బొమ్మలకు డబ్బు పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు. మన అమ్మమ్మలు ఆ సౌకర్యాన్ని బాగానే వాడుకున్నారనిపిస్తుంది.

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల కోసం చేసే హినా పండగలో కూడా ఎర్ర గుడ్డ పరిచిన మెట్ల మీద చక్రవర్తి దంపతులు, పరివారం కొలువుతీరుతారు. పండగ దాటాక బొమ్మల్ని పెట్టెలో పెట్టకపోతే పిల్లకు పెళ్ళి ఆలస్యమవుతుందని అక్కడి నమ్మకం. టెడ్డీ గర్ల్‌ను 1994లో అంత ధర పెట్టి కొనుక్కుపోయినవాడు జపాన్ వాడే, తన టెడ్డీ మ్యూజియం కోసం. ఒక్క ఉదాహరణ రుజువు కాదని తెలుసు. అయినా బొమ్మను భద్రంగా దాచే ఆచారమున్న దేశంలో గుడ్డ ఎలుగుకు గౌరవం దొరకడం నాకు విడ్డూరంగా తోచదు.

మరి మన కొలువు ఆచారం ఎంత పాతది? ఇక్కడ మనవాళ్ళు ఉత్సాహంగా చెప్పే కొన్ని మాటల్ని పక్కన పెట్టాలి. మెదక్ సీమలోని కొండాపూర్‌లో 1940ల మొదట్లో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ తవ్వినప్పుడు శాతవాహన కాలపు మట్టి బొమ్మలు, తెల్లని సుద్ద మన్నుతో రెండచ్చుల మధ్య పోసిన బోలు బొమ్మలు బయటపడ్డాయి. వాటి జుట్టుముడులూ నగలూ చూడముచ్చటగా ఉంటాయి. రెండు వేల ఏళ్ళ కింద తెలుగు నేలలో నేర్పరులైన బొమ్మల పనివాళ్ళు ఉన్నారనడానికి అవి సాక్ష్యం. ఎవరో వాటిని పోగుచేశారనడానికి కాదు. విజయనగరం దగ్గరికి వస్తే, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహర్నవమి ఉత్సవాన్ని కళ్ళకు కట్టినట్టు రాశాడు. కొలువు బొమ్మలు రాయల కాలం నుంచీ ఉన్నాయనేవాళ్ళు ఆయన్నే సాక్షిగా పిలుస్తారు. అయితే ఆయన వర్ణించింది రాజుగారి కొలువును, ఏనుగులను, గుర్రాలను, నాట్యకత్తెలను. ఇళ్ళలోని బొమ్మలను కాదు. రాజదర్బారును చూసిన జనం ఇంట్లో చిన్న దర్బారు తీర్చుకున్నారన్న ఊహ అందంగానే ఉంది, ఊహగానే ఉంచుకుందాం. ఆచారం వయసు పెంచితే దాని విలువ పెరుగుతుందనుకోవడం మనకున్న పాత బలహీనత.

గట్టి ఆధారం వేరే చోట, బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర ఉంది. విజయవాడ పక్కన కొండపల్లిలో బొమ్మల కాలనీ అని ఒక పేటే ఉంది. అక్కడి ఆర్యక్షత్రియుల కుటుంబాలు తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటాయి. వాళ్ళ పనికి తెల్ల పొణికి కర్ర కావాలి. చేత్తో పట్టుకుంటే బరువే తెలియనంత తేలిక కర్ర అది. దాన్ని సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొట్టాక, తల ఒక ముక్క, చేతులు ఒక ముక్క, ఏనుగు తొండం ఒక ముక్కగా విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి మక్కు అనే ముద్ద చేసి, దానితో ముక్కల్ని అతికిస్తారు, ముక్కూ చెవులూ కూడా ఆ మక్కుతోనే దిద్దుతారు. ఆరాక సున్నం పూత, దాని మీద రంగులు, మేక వెంట్రుకల కుంచెతో కళ్ళు. నిర్మల్‌లో నకాషీ పనివాళ్ళు అదే పొణికి కర్రతో జంతువులూ పిట్టలూ పండ్లూ చేస్తారు. వాళ్ళ సీతాఫలం పక్కన అసలు సీతాఫలం పెడితే ఒక క్షణం తడబడతాం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. ఆడపిల్లల లక్కపిడతలు అక్కడివే. ఆ ఊరి సి.వి. రాజు ఆకులూ గింజలూ బెరడుల నుంచి తీసిన రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చినందుకు 2023లో పద్మశ్రీ అందుకున్నారు.

దశావతారాల్ని వరసగా పదింటిని చెక్కి అమ్మే పనివాడు ఎవరిని దృష్టిలో పెట్టుకుని చెక్కుతున్నాడు? ఆడుకునే పిల్లవాడికి పది అవతారాలు అవసరం లేదు, ఒక ఏనుగు చాలు. వాడు దాన్ని నెల తిరక్కుండా విరగ్గొడతాడు కూడా. పొణికి బొమ్మ ఆటకు నిలవదు. కింద పడితే మక్కు ఊడుతుంది, నీళ్ళు తగిలితే రంగు పోతుంది. ఆటకు పనికిరాని బొమ్మను సెట్టుగా చేసి తరాల తరబడి అమ్ముకోగలిగారంటే, సెట్టుగా కొని మెట్టు మీద పెట్టి పదిలంగా దాచేవాళ్ళు ఉండి ఉండాలి. ఇంట్లో అంబారీ ఏనుగు ఉంటే మావటివాడు కావాలనిపించడం, రాముడుంటే జాంబవంతుడి దాకా పరివారమంతా పూర్తి కావాలనిపించడం, ఇవి సేకరించేవాళ్ళకు పట్టే జ్వరం లక్షణాలు. స్టైఫ్ కంపెనీ 1904 నుంచి ఎలుగు చెవికి గుండీ బిగించి అసలు సరుకును గుర్తుపట్టేలా చేసింది. గుండీ లేకపోయినా కొండపల్లి కళ్ళనూ కాంచీపురం మట్టి బొమ్మ నిగారింపునూ పన్రుటి కాగితపు గుజ్జు బొమ్మ తేలికదనాన్నీ వేరుచేసి చెప్పగల పేరంటాళ్ళు మన పేటల్లో ఉన్నారు. వస్తువు ఏ ఊరిదో, ఎవరి చేతిపనో తెలియడం కంటే సేకరణకర్తకు వేరే అర్హత ఏముంటుంది?

ఈ కథలో అంబర్‌పేట-తార్నాక ప్రాంతానికి ప్రత్యేకమైన చోటుంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ గుట్టల మీదికి చేరి, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరుచుకునే నాటికి ఈ వైపు జనసంచారం తక్కువ. పక్కన లాలాగూడలో నిజాం రైల్వే వర్క్‌షాపు మాత్రం 1893 నుంచీ ఉంది. 1956 తర్వాత పరిస్థితి మారింది. 1944లో పుట్టిన ఒక శాస్త్ర పరిశోధన ప్రయోగశాల సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చి పెద్దదైంది. కూనూరు నుంచి పోషకాహార పరిశోధన కేంద్రం 1958లో వచ్చింది, అదే ఏడాది ఆంగ్ల భాషా సంస్థ, 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ, 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే, 1977లో సీసీఎంబీ. ఇన్ని సంస్థల ఉద్యోగులకు ఇళ్ళు కావాలి. తార్నాక వీధులు నంబర్లతో బారులు తీరాయి. విద్యానగర్, నల్లకుంట, హబ్సిగూడ నిండాయి. వచ్చినవాళ్ళలో కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్ళున్నారు, కూనూరు నుంచి సంస్థతో పాటు వచ్చినవాళ్ళున్నారు, రైల్వే కాలనీల్లో తమిళులున్నారు. కోస్తా జిల్లాల ఇళ్ళలో కొలువు భోగి నాడు మొదలవుతుంది. పిల్లలకు భోగిపళ్ళు పోసేది ఆ మెట్ల ముందే. తమిళ, కన్నడ ఇళ్ళలో నవరాత్రులకే. ఒకే వీధిలో అక్టోబరులో ఒకరు, జనవరిలో ఒకరు బొమ్మలు పెడితే, పేరంటానికి పిలిచినామె తన వంతు వచ్చినప్పుడు పక్కింటి సెట్టు గుర్తుపెట్టుకుని కొత్తది వెతుక్కుంటుంది. సేకరణలు ఎప్పుడూ ఇలా ఒకరి కళ్ళ ముందు మరొకరు పెంచుకున్నవే. ఈ పేటలు దానికి వీలు కల్పించాయి.

కొనడానికి చోటు కూడా ఉస్మానియా పట్టభద్రులే చూపించారు. 1938లో ఆ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులు రాజ్య ఆర్థిక పరిస్థితుల సర్వేకు డబ్బు కూడబెట్టాలని పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక పారిశ్రామిక ప్రదర్శన పెట్టారు. అదే తర్వాత నాంపల్లి మైదానానికి మారి నుమాయిష్‌గా నగరం నాలుక మీద స్థిరపడింది. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది కాబట్టి సంక్రాంతి కొలువుకు కావలసిన కొత్త బొమ్మ కొనుక్కోవడానికి ఇంతకంటే అనువైన ముహూర్తం ఉండదు. దేశం నలుమూలల చేతిపనులూ అక్కడికి వస్తాయి.  పోతే, ఉమ్మడి రాష్ట్రంలో కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు మూడూ లేపాక్షి షోరూముల్లో ఒకే కప్పు కింద దొరికేవి. ఇప్పుడు తెలంగాణకు గోల్కొండ పేరుతో వేరే దుకాణాలు వచ్చాయి.

రెండో అభ్యంతరం మొదటిదానికంటే బరువైనది. కొలువు అందరి ఆచారం కాదు. ఎక్కువగా బ్రాహ్మణ, వైశ్య ఇళ్ళలోనూ, ఆ తర్వాత స్తోమత ఉన్న మరికొన్ని కుటుంబాల్లోనూ నడిచింది. పేరంటం పిలుపు ముత్తయిదువలకే గాని వితంతువులకు అందేది కాదు. పైగా తెలంగాణలో కొన్ని ఇళ్ళలో దసరా కొలువు ఉన్నా, ఇక్కడి ఆడవాళ్ళ పెద్ద పండగ బతుకమ్మే. అలాంటప్పుడు దీన్ని తెలుగువాళ్ళ ఆచారమనడం ఎంతవరకు సబబు? ఇందులో చాలా భాగం నిజం, దాన్ని తగ్గించి చెప్పడం నాకిష్టం లేదు. వితంతువును గడప బయట నిలబెట్టిన పేరంటాన్ని ఏ సేకరణ అందమూ సమర్థించదు. బతుకమ్మ సంగతి వేరు. తంగేడు, గునుగు పూలు ఎవరికైనా దొరుకుతాయి, పేర్చినదాన్ని నీళ్ళకు ఇచ్చేయడమే అందులోని పెద్ద మనసు. అంబర్‌పేటలో పూడుకుపోయిన బతుకమ్మ కుంటను 2025లో బాగుచేశాక ఆడవాళ్ళకు మళ్ళీ ఒక నీటి ఒడ్డు దొరికింది. దాచుకునే పండగకు డబ్బూ అటకా కావాలి, వదిలేసే పండగకు అవి అక్కర్లేదు. అయితే సేకరణ ఎక్కడైనా స్తోమత ఉన్నవాళ్ళ అలవాటే. లక్ష పౌండ్ల ఎలుగును కొన్నది కూలీ కాదు గదా. కొందరిదే అయినంత మాత్రాన అది చరిత్ర కాకుండా పోదు. ఆ కొందరు ఎవరో స్పష్టంగా రాసుకోవాలంతే.

మూడో అభ్యంతరం టెడ్డీ ప్రేమికులది. వాళ్ళు ఎలుగును ఒళ్ళో పెట్టుకుంటారు, దానికి పేరు పెడతారు, కష్టసుఖాలు చెప్పుకుంటారు. కొలువు బొమ్మను పిల్లలు ముట్టుకుంటే చేయి మీద ఒకటి పడుతుంది. ప్రేమ లేని ప్రదర్శన సేకరణ ఎలా అవుతుందని వాళ్ళడగవచ్చు. కానీ కొలువు చివరి రోజు రాత్రి ఏం చేస్తారో చూడాలి. మెట్టు మీది ఒక బొమ్మను మెల్లగా పక్కకు వాల్చి పడుకోబెట్టి, హారతి ఇచ్చి, ఆ తర్వాతే మిగతావాటిని తీస్తారు. పండగ రోజులంతా నిలబడ్డవాళ్ళకు నిద్ర కావాలన్న ఆలోచన ప్రేమ లేనిచోట పుట్టదు. ఇక ముట్టుకునే ప్రేమకు మనకు వేరే ఏర్పాటు ఉంది: అమ్మలు పాత చీర అంచులతో చుట్టి ఇచ్చిన గుడ్డ బొమ్మలు, వాటికి పప్పన్నంతో సహా చేసిన బొమ్మల పెళ్ళిళ్ళు. ఆటకొక బొమ్మ, దాచడానికొక బొమ్మ అని మనవాళ్ళు రెండుగా పంచుకున్నదాన్ని టెడ్డీ ఒక్కటిగా కలిపింది. కొత్తదనం ఏదైనా ఉంటే అది అక్కడుంది, ఒప్పుకుంటాను.

సేకరణకర్త అనే మాట హైదరాబాదులో ఎవరికి దక్కిందో చూస్తే ఈ చర్చ ఎందుకు అవసరమో తెలుస్తుంది. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూసే దాకా దేశదేశాల వస్తువుల్ని కొన్నారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆయన నివాసం దివాన్ దేవిడిని మ్యూజియంగా తెరిచారు, 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. అందులో పిల్లల విభాగం ఉంది. సీసపు సైనికుల పటాలాలు, బొమ్మ రైళ్ళు అద్దాల వెనక వరసగా నిలబడి ఉంటాయి. వాటిని చూసి ఎవరూ ఇదేం పిచ్చి అనరు, నవాబుగారి అభిరుచి అంటారు. ఆయన దగ్గర డబ్బుంది, దివానుగిరీ చేసిన వంశముంది, భవనముంది, ఆ తర్వాత వస్తువులకు నంబర్లు వేసి రిజిస్టరులో ఎక్కించే ఉద్యోగులు వచ్చారు. నల్లకుంటలో ఒక గుమాస్తా భార్య ఇంటి ఖర్చులో మిగిల్చుకుని యాభై ఏళ్ళు కూర్చిన బొమ్మల్ని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాను అంటాం. రెండింటికీ తేడా వస్తువుల విలువలో ఉందంటే ఒప్పుకుంటాను గాని, సేకరించిన బుద్ధిలో ఉందంటే ఒప్పుకోను.

తేడా ఇంకోటి ఉంది, అది మన తప్పు: రాతలో పెట్టకపోవడం. అపార్ట్‌మెంట్లలో అటకలు చిన్నవయ్యాయి. మడత పెట్టే ఇనుప మెట్లు వచ్చాయి. పిల్లలు అమెరికాలో ఉంటే పెట్టె తెరిచే దిక్కు లేదు. పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని కొండపల్లి, నిర్మల్ పనివాళ్ళు చాలా కాలంగా మొత్తుకుంటున్నారు. కేంద్రం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. 2021 జనవరి నుంచి నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసి, భౌగోళిక గుర్తింపు ఉన్న చేతి బొమ్మలకు మినహాయింపు ఇచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఇవన్నీ బొమ్మలు చేసేవాళ్ళకు ఎంతో కొంత ఆసరా. కొని దాచినవాళ్ళ గురించి మాత్రం ఎక్కడా ఒక్క రికార్డు లేదు. మరోవైపు కొలువు మెట్ల మీద, సెట్టిగారి పక్కన, మనవరాలి టెడ్డీ కూడా కూర్చుంటోంది. అది అపచారమని గొణిగేవాళ్ళున్నారు. క్రికెట్ జట్టును రానిచ్చిన మెట్టు ఎలుగుపిల్లను ఎందుకు కాదనాలి? జాంబవంతుడు పై మెట్టు మీద ఎప్పటినుంచో ఉన్నాడు.

అందుచేత ఉస్మానియా చరిత్ర, పురావస్తు శాఖల్లో పరిశోధనాంశం కోసం వెతుక్కుంటున్న విద్యార్థులకు ఒక మాట. కొండాపూర్ బొమ్మల మీద రాసినవారున్నారు, సాలార్ జంగ్ మీద రాసినవారున్నారు. మీ క్యాంపస్ గోడకు ఆనుకుని ఉన్న వీధుల్లో అరవై ఏళ్ళ కొలువులు ఇంకా పెట్టెల్లో ఉన్నాయి, వాటిని కొన్న చేతులు కొన్ని ఇంకా మన మధ్య ఉన్నాయి. వచ్చే సంక్రాంతికి ఆ పేరంటాలకు నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళండి. ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా పెట్టె దింపినప్పుడు ప్రతి బొమ్మకూ ఎవరు కొన్నారు, ఎక్కడ, ఏ ఏడు, ఎంతకు అన్న నాలుగు వివరాలు చీటీ మీద రాసి, ఆ బొమ్మతోనే చుట్టి పెట్టండి.